బెజవాడ వన్ టౌన్‌లో ఒక పాత లాడ్జి పునరుద్ధరణ: కేస్ స్టడీ

కాళేశ్వరరావు మార్కెట్‌కీ రైల్వే స్టేషన్ తారాపేట గేటుకీ మధ్య ఉన్న వీధుల్లో ఒకదానిలో ఉందీ లాడ్జి. పేరు రాయొద్దని యజమానులు కోరారు కాబట్టి లాడ్జి అనే అంటాను. 1930ల చివర్లో కట్టారు. వీధివైపు వరసగా ఆరు కొట్లు, వాటి మధ్యలోంచి లోపలికి దారి, లోపల మండువా, చుట్టూ వరండాలు, పైన రెండంతస్తుల్లో 22 గదులు. వెనకాల ఒకప్పుడు భోజన హోటల్ నడిచిన పెద్ద హాలు. దీన్ని బాగుచేసే పనికి నన్ను పిలిచేనాటికి ఆ హాలు గోడౌన్ అయిపోయింది. పై అంతస్తుకి తాళం వేశారు. మొదటి అంతస్తులో కొన్ని గదుల్లో మార్కెట్ గుమాస్తాలు నెలసరి అద్దెకి ఉంటున్నారు.

ఇలాంటి కట్టడం ఇక్కడే ఎందుకు వచ్చిందో తెలిస్తే తప్ప దాన్ని ఎలా బాగుచేయాలో తెలియదు. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయి, ఆ తర్వాత మద్రాసు వైపు దారి కలిశాక బెజవాడ పెద్ద జంక్షన్ అయింది. చుట్టుపక్కల ఊళ్ల వ్యాపారులు తెల్లవారుజామున రైలు దిగి, బట్టలో ఇనుప సామానో కొనుక్కుని, సరుకు బుక్ చేసి, రాత్రికి ఎక్కేవాళ్లు. పని తేలకపోతే ఒక రాత్రి ఉండేవాళ్లు. అమ్మవారి దర్శనానికి వచ్చిన కుటుంబాలు, అచ్చుకి ఇచ్చిన పుస్తకం ప్రూఫులు దిద్దుకోవడానికి వచ్చిన రచయితలు, సినిమా రీళ్ల పెట్టెలతో తిరిగే రిప్రజెంటేటివ్‌లు, అందరికీ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక మంచం, వేడినీళ్లు, పూటకి భోజనం కావాలి. ఈ లాడ్జి ఆ అవసరంలోంచి పుట్టింది. దీని పని ఎప్పుడూ వీధితోనే.

తర్వాత ఏమైందో వన్ టౌన్‌లో ఎవర్ని అడిగినా చెబుతారు. హోల్‌సేల్ వ్యాపారంలో పెద్ద భాగం గొల్లపూడి కాంప్లెక్స్‌కి పోయింది. కొత్త షోరూములు బందరు రోడ్డు, బెంజ్ సర్కిల్ వైపు వెళ్లాయి. డబ్బున్న కుటుంబాలు కాలవ దాటి కొత్త కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నాయి. పగలు వన్ టౌన్‌లో అడుగు తీసి అడుగు వేయలేం, రాత్రి ఎనిమిదిన్నర దాటితే షట్టర్లు దిగిపోయి మనిషి కనిపించడు. నేను ఈ పని ఒప్పుకున్నది ఆ రాత్రి ఖాళీ కోసమే. కొట్టు మూసేస్తే వ్యాపారి ఇంటికెళ్లిపోతాడు. లాడ్జిలో మనిషి మాత్రం రాత్రి ఉంటాడు, తెల్లారి లేస్తాడు, టీ తాగుతాడు, వీధిలో నడుస్తాడు. పాత ఊరికి ఇప్పుడు కావాల్సింది అలాంటి మనుషులే.

పడగొట్టాలా, ఉంచాలా

ఆస్తి నలుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వాటాల్లో ఉంది. వన్ టౌన్‌లోనే ఉంటూ లాడ్జి చూసుకునే పెద్దాయనకి ఉంచాలని ఉంది. మిగతావాళ్లు బయట ఊళ్లలో ఉన్నారు. మొదటి మీటింగులో చిన్న తమ్ముడు వీడియో కాల్‌లో సూటిగా అన్నాడు: “అన్నయ్యా, సెంటిమెంటు పక్కన పెట్టు. బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇస్తే అందరికీ చెరో రెండు షాపులు వస్తాయి. ఆ పెచ్చులూడే గోడల మీద ఎవరు డబ్బు పెడతారు?”

ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి నేను వారసత్వం, సంస్కృతి అంటూ జవాబు చెప్పలేదు. స్థలం కొలతలు ముందు పెట్టాను. పాత భవనం వీధి అంచు దాకా, పక్క గోడల దాకా నిండుగా కట్టి ఉంది. పడగొట్టిన మరుక్షణం ఇప్పటి భవన నిబంధనలు వర్తిస్తాయి. ముందు రోడ్డు వెడల్పుకి వదలాలి, చుట్టూ సెట్‌బ్యాక్, అంటే ఖాళీ జాగా, వదలాలి, పార్కింగ్ చూపించాలి. సన్నగా, పొడుగ్గా ఉన్న స్థలంలో సెల్లార్‌కి ర్యాంపు దింపితే వీధివైపు కొట్లలో సగం ఆ ర్యాంపే తినేస్తుంది. వీధి వెడల్పు తక్కువ కాబట్టి అంతస్తులూ పెద్దగా పెరగవు. కాగితం మీద గీసి చూపిస్తే, ఇప్పుడున్న కింది అంతస్తు అంత జాగా కొత్త కట్టడంలో ఎప్పటికీ రాదని వాళ్లకే అర్థమైంది. వన్ టౌన్‌లో చాలా పాత భవనాలకి ఇదే లెక్క వర్తిస్తుంది, కానీ బిల్డర్ దగ్గరికి వెళ్లేముందు ఈ లెక్క వేయించుకునేవాళ్లు తక్కువ.

రెండో ప్రశ్న డబ్బు. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో బుక్ కాడిలాక్ అనే హోటల్ ఉంది. 1924లో తెరిచారు, 1984లో మూతపడింది, రెండు దశాబ్దాలకి పైగా నగరం నడిమధ్య ఖాళీగా నిలబడి, 2008లో మళ్లీ తెరుచుకుంది. అక్కడ పని చేసిన సూత్రాలు రెండు. మొత్తం హోటల్‌గా కాకుండా పై అంతస్తుల్ని అమ్మకానికి ఇళ్లుగా మార్చారు. చారిత్రక భవనాన్ని ప్రమాణాల ప్రకారం బాగుచేసి ఆదాయానికి వాడితే, అయిన ఖర్చులో 20 శాతం పన్ను నుంచి తగ్గించుకునే ఫెడరల్ సదుపాయం అక్కడ ఉంది, దాన్ని వాడుకున్నారు. మన దగ్గర ఆ రెండోది లేదు. మేం వెళ్లిన బ్యాంకు స్థలానికి విలువ కట్టింది, భవనానికి సున్నా వేసింది. అందుకని మొదటి సూత్రాన్నే మన కొలతకి తెచ్చుకున్నాం. భవనాన్ని మొత్తం ఒకే హోటల్‌గా కాకుండా విడివిడిగా ఆదాయమిచ్చే భాగాలుగా చూసి, దశలవారీగా మొదలుపెట్టాం. ముందు కొట్లు, హాలు. వాటి అద్దెలతో మొదటి అంతస్తు. దాని ఆదాయంతో పై అంతస్తు. నెమ్మదిగా సాగుతుంది, కానీ ఏ దశలో ఆగినా భవనం వాడుకలోనే ఉంటుంది.

మన దేశంలోనే దగ్గరి ఉదాహరణ కావాలంటే అహ్మదాబాద్ చూడమన్నాను. సీదీ సయ్యద్ మసీదు ఎదురుగా 1924లో కట్టిన మంగళదాస్ కుటుంబం ఇల్లు ఇప్పుడు హౌస్ ఆఫ్ ఎం.జి. అనే హోటల్. గది తీసుకోనివాళ్లు కూడా కింది అంతస్తులో కూర్చుని తినొచ్చు. 2017లో ఆ పాత నగరానికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది, కానీ హోటల్ దానికి చాలా ఏళ్ల ముందు నుంచే నడుస్తోంది. రెండోవైపు ముంబయిలో వాట్సన్ హోటల్ ఉంది. 1896లో లూమియేర్ సోదరుల సినిమాలు మన దేశంలో మొదటిసారి చూపించిన భవనం. ఇనుప చట్రంతో కట్టిన అరుదైన కట్టడం. హోటల్ పోయి గదులు ముక్కలై, ఎవరి బాధ్యతా లేక ఎంత శిథిలమైందో అటు వెళ్లినవాళ్లకి కనిపిస్తుంది. వాటాదార్లు ఎక్కువైన ఆస్తికి ఏ గతి పడుతుందో చెప్పడానికి ఆ ఫొటోలు పనికొచ్చాయి.

కొట్లవాళ్లని ఖాళీ చేయించకపోవడం

ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం ఇది. కాంట్రాక్టర్లు, కుటుంబంలో కొందరు, చివరికి నా ఆఫీసులో కుర్రాళ్లు కూడా ముందు కొట్లు ఖాళీ చేయిస్తే పని సులువు అన్నారు. పని నిజంగానే సులువు. కానీ ఖాళీ అయిన ఆరు కొట్లూ తర్వాత ఎవరికి వెళతాయి? ఎక్కువ అద్దె ఇచ్చే మొబైల్ షోరూమో, ఏటీఎమ్మో, గాజు అద్దాల రిసెప్షనో వస్తుంది. అప్పుడు భవనం బాగుపడుతుంది, వీధి పోతుంది.

ఆ ఆరు కొట్లలో ఒకాయన ఇత్తడి సామాను అమ్ముతాడు, ఒకరు పూజాద్రవ్యాలు, ఒకరు టైలరు, ఒకరిది లంగా పీసుల కొట్టు, ఒకటి పచారీ, ఒకటి మూతబడి ఉంది. వాళ్లలో ముగ్గురు ఎప్పుడో గుడ్‌విల్ ఇచ్చి చేరినవాళ్లు. అద్దె నామమాత్రం. మరమ్మతు అనగానే వాళ్లకి టెన్షన్ పట్టుకుంది, ఖాళీ చేయించడానికి ఇదో వంక అనుకున్నారు. ఆ అనుమానం తీరనిదే నేను గోడ మీద సుత్తి వేయనని పెద్దాయనకి చెప్పాను. కాగితం రాసుకున్నాం. ఒక్కో కొట్టు పని జరిగినన్నాళ్లు ఆ వ్యాపారి మూతబడిన కొట్టులోకి మారతాడు. పని పూర్తవగానే తిరిగి తన కొట్టులోకి వస్తాడు. అద్దె పెరుగుతుంది, కానీ ఒక్కసారిగా కాదు, ఏటా కొంచెం. బోర్డులు ఒకే ఎత్తులో ఉండాలి, షట్టరు పైన ఉన్న పాత చెక్క వెంటిలేటర్‌ని మూయకూడదు. ఇదంతా ఒక్క ఖాళీ కొట్టు ఉండబట్టి జరిగింది. ఖాళీ జాగా లేని భవనంలో అయితే పక్కింట్లో తాత్కాలికంగా అద్దెకి తీసుకుని అయినా ఇదే పద్ధతి పాటించమంటాను.

పూజాద్రవ్యాలు అమ్మే ఆవిడ మొదటిసారి మారేటప్పుడు నాతో అంది: “మేడంగారూ, దసరా ముందు మాత్రం నన్ను కదపకండమ్మా, సంవత్సరం తిండి ఆ పది రోజుల్లోనే.” పని క్యాలెండరంతా ఆ మాట మీదే తిప్పాం. దసరా, కార్తీకం, భవానీ దీక్షల విరమణ రోజుల్లో వీధివైపు పరంజా ఉండదు. లోపలి పనులు మాత్రమే.

చెమ్మ ఎక్కడి నుంచి వచ్చింది

గోడలకి మనిషి నడుము ఎత్తు దాకా చెమ్మ. పైన పెచ్చులూడి, ఉప్పు తెల్లగా తేలింది. కృష్ణ దగ్గర, కాలవ దగ్గర, భూమిలోనే నీళ్లు కదా అని అందరూ తేల్చేశారు. అదే నిజమైతే చేయగలిగింది తక్కువ. కానీ మండువా చుట్టూ ఉన్న గోడలు దాదాపు పొడిగా ఉన్నాయి. చెమ్మంతా వీధివైపు గోడల్లోనూ, హాలు వెనక గోడలోనూ ఉంది. నీళ్లు భూమిలోంచి మాత్రమే వస్తే ఈ తేడా ఉండకూడదు.

పెద్దాయన దగ్గర ఉన్న పాత పెళ్లి ఫొటోలో జవాబు దొరికింది. ఆ ఫొటోలో వీధి నుంచి కొట్టు అరుగు ఎక్కడానికి మూడు మెట్లున్నాయి. ఇప్పుడు ఒక్క మెట్టూ లేదు, రోడ్డు గుమ్మంతో సమానంగా ఉంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొర తీయకుండా పైనే కొత్త పొర వేశారు. దాంతో గోడ అడుగు భాగం రోడ్డు కింద పూడిపోయింది. వాన నీళ్లు, కొళాయి నీళ్లు, మురుగు కాలవ పొంగు అన్నీ ఇటుక గోడకి ఆనుకునే నిలబడుతున్నాయి. ఇది చాలదన్నట్టు, చెమ్మ కనిపించిన ప్రతిసారీ ఎవరో ఒకరు సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించారు. ఈ గోడలు ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. సున్నం గాలి పీలుస్తుంది, లోపలి తడిని బయటికి వదులుతుంది. సిమెంట్ వదలదు. తడి బయటికి దారిలేక ఇంకా పైకి పాకుతుంది, ఇటుకలో ఉన్న ఉప్పు సిమెంట్ వెనకాల పేరుకుని చివరికి ఇటుకనే పిండి చేస్తుంది. వెనక గోడకి కారణం వేరు, అక్కడ పాత బాత్రూముల పైపు లీకవుతోంది.

చేసిన పని ఇది. వీధివైపు గోడ వెంట రోడ్డుకీ గోడకీ మధ్య సన్నటి కాలవ తవ్వి, రెండువైపులా కట్టి, పైన తీసి శుభ్రం చేసుకునేలా కడప బండలు పరిచాం. దీంతో గోడ అడుగు భాగానికి మళ్లీ గాలి తగిలింది. సిమెంట్ పూతంతా చెక్కేశాం. కాగితపు గుజ్జుని మంచినీళ్లతో తడిపి గోడకి పట్టించి, ఆరాక ఊడదీశాం. గుజ్జు ఆరేటప్పుడు ఇటుకలోని ఉప్పుని తనలోకి లాక్కుంటుంది. ఉప్పు తగ్గేదాకా మళ్లీ మళ్లీ ఇదే చేయాలి. తర్వాత గోడని ఒక ఎండాకాలం అలాగే వదిలేశాం. బెజవాడ ఎండ మాకు ఉపకారం చేసిన ఏకైక సందర్భం అది. ఆ తర్వాతే సున్నం, ఇసుక, సుర్కీ (ఇటుక పొడి) కలిపిన పూత. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని తీసుకుంటూ మెల్లగా సున్నపురాయిగా మారుతుంది కాబట్టి రోజూ తడిపి, ఎండ తగలకుండా గోనెపట్టాలు కట్టాలి. మా తాపీ మేస్త్రీ మొదట్లో విసుక్కున్నాడు: “సిమెంటైతే రేపటికి గట్టిపడుద్ది మేడం, దీనికి పసిపిల్లకి కాసినట్టు కాపలా కాయాలి.” ఇప్పుడు వేరే ఇళ్లకి సున్నం పని ఒప్పుకునేది ఆయనే.

పైకప్పు మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద పల్చటి ఇటుకలు ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో కూర్చి, దానిమీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసిన మిద్దె. దూలాలు బర్మా టేకు, మధ్యలో చెక్కుచెదరలేదు. గోడలో దిగిన కొసలు మాత్రం చివికిపోయాయి. కుళ్లిన కొస మేర కోసేసి, పాత ఇళ్లు పడగొట్టినచోట కొన్న టేకు ముక్క అతికి, రెండువైపులా ఉక్కు పట్టీలు బోల్టులతో బిగించాం. కొస చుట్టూ గోడలో గాలి ఆడే సందు వదిలాం. మిద్దె మీద ఏళ్ల తరబడి పేరుకున్న సిమెంట్, తారు షీట్ల బరువు దించేసరికి దూలాల వంపు కొంత తగ్గింది. పైన మళ్లీ సున్నపు కాంక్రీటు వేసి, బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లుతూ చెక్క బల్లలతో కొట్టించాం. ఈ పని తెలిసిన ఆడవాళ్ల జట్టుని వెతికి పట్టుకోవడమే కష్టమైంది. పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు వాళ్ల దగ్గర నేర్చుకోవాలని షరతు పెట్టాం.

గదులు, బాత్రూములు, రేటు

పాత లాడ్జిల్లో బాత్రూములు వరండా చివర ఉంటాయి. ఇప్పుడు గదికి బాత్రూము లేకపోతే కుటుంబాలు రావు. అలాగని చెక్క దూలాల మీద ఎక్కడపడితే అక్కడ బాత్రూము కట్టలేం, తడీ బరువూ రెండూ ప్రమాదమే. గదులు 22 నుంచి 16కి తగ్గించి, బాత్రూములన్నీ వెనకవైపు నిలువునా ఒకదాని మీద ఒకటి వచ్చేలా విడిగా నిలబడే ఉక్కు చట్రంలో పెట్టాం. పైపులన్నీ బయటివైపు కనిపించేలా ఉంటాయి. లీకైతే గోడ తవ్వక్కర్లేదు. ఆ చట్రంలోనే రెండో మెట్లదారి కూడా వచ్చింది, అగ్నిమాపక అనుమతికి అది తప్పనిసరి. వరండాలు మూసి గదుల్లో కలుపుదామన్న ప్రతిపాదన వచ్చింది, నేను ఒప్పుకోలేదు. మే నెలలో ఆ గదులు భరించగలిగేలా ఉంచేది వరండా నీడ, మండువా గాలే. ఏసీలున్నాయి, కానీ కరెంటు పోయినా మనిషి ఉండగలగాలి.

కేంద్ర పర్యాటక శాఖ హెరిటేజ్ హోటల్ వర్గీకరణకి దరఖాస్తు చేద్దామా అని చర్చించాం. 1950కి ముందు కట్టినదై ఉండాలి, కనీసం 5 గదులుండాలి, అవి మనకి ఉన్నాయి. వద్దనుకున్నాం. ఆ నిబంధనలు కోటలు, హవేలీలు, పాత బంగళాలు దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటికి తగ్గ సదుపాయాలు పెడితే గది రేటు పెంచక తప్పదు. అప్పుడు నర్సీపట్నం నుంచి బట్టలు కొనడానికి వచ్చే చిన్న వ్యాపారి ఇక్కడ దిగడు. ఈ వీధిలో రాత్రి ఉండి, పొద్దున్నే మార్కెట్‌లో డబ్బు ఖర్చుపెట్టేది ఆయనే. గుమాస్తాలకి కూడా వెనకవైపు మూడు గదులు నెలసరి అద్దెకే ఉంచాం.

తెరిచాక

ముందు తెరిచింది హాలు. ఇప్పుడది టిఫిన్ హోటల్. తెల్లవారుజామున నాలుగున్నరకి పొయ్యి వెలుగుతుంది. పాలు, కూరగాయలు, అరిటాకులు అన్నీ నడిచేంత దూరంలో కాళేశ్వరరావు మార్కెట్ నుంచే వస్తాయి. దుప్పట్లు ఉతికేది వెనక వీధిలోని చాకలి కుటుంబం, చిరిగినవి కుట్టేది కింది కొట్టు టైలరు. పెద్ద హోటల్ గొలుసుల్లో ఈ డబ్బంతా ఊరి బయటి సరఫరాదార్లకి పోతుంది. ఇక్కడ అది వీధిలోనే తిరుగుతోంది, ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించేది ఇదే.

రాత్రి మార్పు కూడా కనిపిస్తోంది. లాడ్జి దీపాలు, వరండాలో మనుషులు ఉండేసరికి ఎదురుగా ఒక టీ బండి పదిన్నర దాకా ఉంటోంది. పచారీ కొట్టు గంట ఆలస్యంగా మూస్తున్నారు. రెండిళ్ల అవతల బట్టల కొట్టాయన ముఖభాగానికి కొట్టిన రేకులు తీయించి చూస్తే కింద సున్నపు పూల పని బయటపడింది, దాన్నెలా కడగాలో అడగడానికి మా మేస్త్రీ దగ్గరికే వచ్చాడు.

మారనివి కూడా చెప్పాలి. సరుకు లారీలు పగలే వచ్చి వీధి బిగించేస్తున్నాయి. కారులో వచ్చినవాళ్లకి పార్కింగ్ లేదు. నాకు ఎక్కువ కలవరం కలిగిస్తున్నది అద్దెలు. లాడ్జిలో కొట్లకి మా కాగితం రక్షణ ఉంది, పక్క భవనాల్లో ఉన్నవాళ్లకి ఏదీ లేదు. అప్పుడే ఒక చెప్పుల కొట్టాయన్ని అద్దె రెట్టింపు చేయమంటున్నారని విన్నాను. ఒక్క భవనం బాగుచేసి వదిలేస్తే ఆ లాభం పక్క స్థలాల ధరలోకి పోతుంది, అక్కడ పనిచేసే మనుషులకి అందదు. రోడ్డు వెడల్పుకి స్థలం ఇచ్చినవాళ్లకి మన దగ్గర టీడీఆర్ బాండ్లు ఇస్తున్నారు, అంటే అక్కడ కోల్పోయిన నిర్మాణ హక్కుని వేరేచోట వాడుకోవడానికో అమ్ముకోవడానికో వీలిచ్చే పత్రాలు. అహ్మదాబాద్‌లో పాత ఇల్లు కాపాడుకునేవాళ్లకి కూడా టీడీఆర్ ఉంది, అది అమ్ముకుని మరమ్మతులు చేసుకుంటారు. వన్ టౌన్‌లో అలాంటిదే అమలైతే, పాత అద్దెదార్లని ఉంచాలన్న షరతుతో కలిపి, ఒక్కో యజమానీ బిల్డర్ దగ్గరికి పరిగెత్తాల్సిన అవసరం తగ్గుతుంది.

పై అంతస్తు పని ఇంకా ఉంది. 2028 కృష్ణా పుష్కరాలకి ముందు పూర్తి చేయాలని కుటుంబం అనుకుంటోంది. పుష్కరాలంటే వన్ టౌన్‌లో రోడ్లు మళ్లీ వేస్తారు. పాత పొరని మిల్లింగ్ చేసి, అంటే యంత్రంతో గీకి, తీసేశాకే కొత్తది వేయాలనీ, రోడ్డు ఎత్తు ఇప్పుడున్నదానికన్నా పెరగకూడదనీ వీధిలోని యజమానులందరి సంతకాలతో నగరపాలక సంస్థకి అర్జీ తయారుచేశాం. లాడ్జి గోడ మీద పాత మూడు మెట్ల ఎత్తుని కొలిచి రాతిలో గుర్తు చెక్కించాం, ఇంజినీర్లు వచ్చినప్పుడు లెవెల్ చూసుకోవడానికి. టెండరు పత్రంలో మిల్లింగ్ అన్న మాట చేరేదాకా ఆ అర్జీ వెంట తిరగడమే ఇప్పుడు మా పని.